ఇంటర్న్‌షిప్ అందరికీ ఉండాలా, అడిగినవారికేనా?

ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, పరిశోధన వంటి పనులను డిగ్రీలో తప్పనిసరి చేయాలా, లేక ఆసక్తి ఉన్నవారికి వదిలేయాలా అన్న వివాదం విశ్వవిద్యాలయాల్లో మళ్లీ రాజుకుంది. పాల్గొంటూ నేర్చుకుంటే మేలు జరుగుతుందనడంలో పేచీ లేదు. అమెరికా పరిశోధకుడు స్కాట్ ఫ్రీమన్ బృందం సైన్సు, ఇంజినీరింగు, గణిత కోర్సులపై జరిగిన 225 అధ్యయనాలను క్రోడీకరించి 2014లో ఫలితాలు ప్రకటించింది. ఉపన్యాసాలు విని ఊరుకునే తరగతుల్లో సుమారు 34 శాతం మంది ఫెయిలైతే, విద్యార్థులే చర్చిస్తూ, లెక్కలు చేస్తూ నేర్చుకునే తరగతుల్లో ఫెయిలైనవారు 22 శాతమే. ఆ మేలు ఎవరికి అందుతోందన్నదే అసలు తగాదా, దాని మూలం 2008లో ఉంది.

ఆ ఏడాది అమెరికా విద్యా పరిశోధకుడు జార్జ్ కూ తన నివేదికలో పది పద్ధతులను ముందుకు తెచ్చారు. మొదటి ఏడాది సెమినార్లు, బృంద అసైన్‌మెంట్లు, అధ్యాపకులతో కలిసి పరిశోధన, ఇంటర్న్‌షిప్, చివరి ఏడాది ప్రాజెక్టు అందులో ఉన్నాయి. ఆ జాబితాకు వచ్చినంత పేరు అదే నివేదికలోని మరో ముఖ్యమైన మాటకు రాలేదు. వెనుకబడిన నేపథ్యం నుంచి వచ్చినవారికి ఈ పద్ధతులు ఎక్కువగా అక్కరకొస్తున్నాయి, అయితే ఇంట్లో మొదటిసారి కాలేజీకి వచ్చినవారు వాటిలో చేరడమే తక్కువ.

అవకాశాలు అందరికీ తెరిచే ఉన్నాయని, తప్పనిసరి చేస్తే అంతమందికి మార్గదర్శకులు దొరకక పని మొక్కుబడిగా మారుతుందని యాజమాన్యాలు అంటున్నాయి. రెండో భయం నిజమైనదే. మొదటి వాదన మాత్రం నిలవదు. సాయంత్రం పనికి వెళ్తే తప్ప ఫీజు కట్టలేని విద్యార్థికి, సాయంత్రమే తెరిచే ల్యాబ్ మూసి ఉన్నట్టే లెక్క. జీతం లేని ఇంటర్న్‌షిప్‌కు రెండు నెలలు కేటాయించగలిగేది ఇంటి నుంచి డబ్బు వచ్చేవారే.

ఈ చిక్కుకు పాత పరిష్కారాలు ఉన్నాయి. 1906లో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఇంజినీరింగు అధ్యాపకుడు హెర్మన్ ష్నైడర్ 27 మంది ఇంజినీరింగు విద్యార్థులతో ఒక పద్ధతి మొదలుపెట్టారు: ఒక వారం తరగతి, మరో వారం పరిశ్రమలో జీతానికి పని. 1969లో అమెరికాలోనే ఎంఐటీలో అధ్యాపకురాలు మార్గరెట్ మెక్‌వికార్ ప్రారంభించిన పరిశోధన కార్యక్రమంలోనూ విద్యార్థి శ్రమకు డిగ్రీలో లెక్కకొచ్చే క్రెడిట్లు గానీ, వేతనం గానీ దక్కే వీలుంది. రెండుచోట్లా పని చదువులో భాగమైంది, తీరిక ఉన్నవారి అదనపు వ్యాపకంగా మిగల్లేదు.

నాణ్యత గురించిన భయానికి కూడా 2013లో కూ, కెన్ ఓడొనెల్ కలిసి జవాబిచ్చారు. పేరుకు ప్రాజెక్టు ఉంటే చాలదని, దీర్ఘకాలం సాగే శ్రమ, అధ్యాపకుడితో ముఖాముఖి చర్చ, తరచూ దిద్దుబాటు ఉండాలని వారు స్పష్టం చేశారు. పరికరం తప్పు రీడింగు చూపినప్పుడు దాన్ని కొట్టేయకుండా నోటుబుక్కులో రాసి, కారణం ఏమై ఉంటుందో ఆ వారమే అధ్యాపకుడితో మాట్లాడగలిగితేనే విద్యార్థికి ప్రయోగం చేయడం వస్తుంది. అందుకు అధ్యాపకుడి సమయం కావాలి. ఈ పనులను తప్పనిసరి చేయమంటున్నవారు ప్రాజెక్టు పర్యవేక్షణను బోధన గంటల్లో లెక్కించాలని, ఇంటర్న్‌షిప్‌కు భృతి ఇవ్వాలని అడుగుతున్నారు.