నల్లగుడ్డు మార్పిడి: మధ్యలో తేడా వస్తే కన్ను పోయినట్టేనా?

నేను గుంటూరులో కార్నియా (కంటి నల్లగుడ్డు) సర్జన్‌ని. థియేటర్ నుంచి బయటికి రాగానే ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "గంట అన్నారు, రెండు గంటలు దాటింది. ఏమైనా అయిందా డాక్టర్ గారూ?" ఏమైనా అయి ఉంటే, అయిందనే చెబుతాను. ఆ తర్వాత పుట్టే భయాల గురించే ఇది.

అపోహ: లోపల పొర చిరిగితే ఆపరేషన్ ఫెయిలైనట్టే.

వాస్తవం: నల్లగుడ్డు మందం సుమారు అర మిల్లీమీటరు. అది శంకువులా ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉన్న కుర్రవాళ్లకు, పై పొరలు మాత్రమే మార్చి అడుగు పొరను వాళ్లదే ఉంచుతాం. దీన్ని డాల్క్ అంటారు. ఆ అడుగు పొర, అంటే డెస్సిమెట్ పొర, మందం మిల్లీమీటరులో దాదాపు వందో వంతు. గాలి ఎక్కించి పొరలు విడదీసేటప్పుడు, ఎంత చేయి తిరిగినవాళ్ల దగ్గరైనా, అది చిరగవచ్చు. చిన్న చిల్లయితే గాలిబుడగతో లోపలి నుంచి ఒత్తి ఉంచి డాల్క్‌గానే ముగించగలం. పెద్దదైతే అక్కడికక్కడే పూర్తి మందం మార్పిడికి వెళ్తాం. సంతకం పెట్టించుకునే రోజే ఈ మాట చెప్పి, రెండింటికీ పనికొచ్చే దాత కార్నియాను దగ్గర పెట్టుకునేది అందుకే.

ఇలా మారిన కళ్లకు కూడా మంచి చూపు వస్తుంది. కాకపోతే లోపలి కణాలు ఇప్పుడు దాతవి. శరీరం వాటిని తిరస్కరించే ప్రమాదం ఉంటుంది కాబట్టి చుక్కల మందు ఎక్కువ కాలం వాడాలి. ఇంటికి పంపే ముందు ఇది విడమరచి చెప్పకపోతే తప్పు మాదే.

అపోహ: అతికించిన పొర ఊడితే మళ్లీ ఇంకో దాత కావాలి.

వాస్తవం: చాలాసార్లు అక్కర్లేదు. కొందరికి డాల్క్‌కు భిన్నంగా, పై పొరలు ఉంచి లోపలి పొర మాత్రమే మారుస్తాం. అప్పుడు దాన్ని అతికించి పట్టేది గాలిబుడగే. అంచు ఊడితే మళ్లీ గాలి ఎక్కిస్తాం. మీరు చేయాల్సిందల్లా మేం చెప్పినంతసేపు వెల్లకిలా పడుకోవడం. ఆ సాయంత్రమే బస్సెక్కి తెనాలి వెళ్లిపోతామంటే నేను ఒప్పుకోను.

అపోహ: దగ్గు, బీపీ కంటి డాక్టరుకెందుకు?

వాస్తవం: పూర్తి మందం మార్పిడిలో పాత కార్నియా తీసి కొత్తది కుట్టే దాకా కన్ను ముందు తెరిచే ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో వెనక నుంచి రక్తం ఉబికితే లోపలివన్నీ బయటికి తోసుకొస్తాయి. చాలా అరుదు, కానీ జరిగితే వెంటనే మూసినా చూపు దక్కకపోవచ్చు. ఇక్కడ ధైర్యం చెప్పడం నాకు చేతకాదు. వయసు, బీపీ, నీటికాసులు, దగ్గు, అన్నీ ఈ ముప్పును పెంచేవే. మిర్చి ఘాటుకు దగ్గు పట్టుకుంటే దాచకండి, తేదీ మారుద్దాం. రక్తం పలచబడే మాత్రలు సొంతంగా ఆపకండి, వేసుకుంటున్నామని చెప్పండి చాలు.

ఇక ఆపరేషన్ ఎలా జరిగినా సరే, కన్ను ఎర్రబడినా, నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకేసినా ఆ రోజే రండి. తిరస్కరణను మొదట్లోనే పట్టుకుంటే స్టెరాయిడ్ చుక్కలతో చాలా కళ్లు తేరుకుంటాయి. పండగ అయ్యాక వద్దాంలే అని ఆగేవాళ్ల గురించే నాకు టెన్షన్.