ప్రమాదకర విధుల్లో ఉన్న ప్రభుత్వోద్యోగుల పింఛను అర్హత: అపోహలు - వాస్తవాలు

పింఛను కాగితాలతో పని చేసిన ఇన్నేళ్లలో నా బల్ల ముందు కూర్చున్న జవాన్లు, ఫైర్‌మన్లు, లోకో పైలట్లు, వారి కుటుంబ సభ్యులు దాదాపుగా ఒకే మాటతో మొదలుపెట్టేవారు: "ప్రాణాలకు తెగించి చేసే ఉద్యోగం కదండీ, మాకు రూల్సు వేరేగా ఉంటాయి కదా?" వేరే నిబంధనలు కొన్ని ఉన్న మాట నిజమే. అయితే ఉద్యోగం ఎంత ప్రమాదకరమైనదైనా అవి తమంతట తాముగా వర్తించవు. ఉద్యోగంలో చేరిన తేదీ, ఘటన జరిగిన నాడు దానికి కారణం ఏమని రాశారన్నది, ఉద్యోగి స్వయంగా సంతకం చేసిన ఒక ఆప్షన్ ఫారం, ఈ మూడింటి మీదనే వ్యవహారమంతా నడుస్తుంది. ఇక్కడ రాస్తున్నది ప్రధానంగా కేంద్ర ప్రభుత్వ సివిల్ ఉద్యోగులకు, కేంద్ర సాయుధ పోలీసు బలగాలకు సంబంధించినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పోలీసు, అగ్నిమాపక శాఖల సిబ్బందికి వారి వారి రాష్ట్రాల నిబంధనలు వర్తిస్తాయి కనుక, కింది శాతాలను యథాతథంగా తమకు అన్వయించుకోకూడదని ముందే మనవి చేస్తున్నాను.

అపోహ: ఆయుధం పట్టిన ప్రతి ఉద్యోగికీ పాత పింఛను ఉంటుంది.

2004 జనవరి 1 నుంచి కేంద్ర ప్రభుత్వంలో కొత్తగా చేరిన వారందరికీ పాత పింఛను (చివరి వేతనాన్ని బట్టి ప్రభుత్వమే జీవితాంతం ఇచ్చేది) స్థానంలో జాతీయ పింఛను వ్యవస్థ, అంటే ఉద్యోగి, ప్రభుత్వం వేసే వాటాలు ఖాతాలో పోగయ్యే ఎన్‌పీఎస్, తప్పనిసరి అయింది. దాని నుంచి మినహాయింపు పొందినవి సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మాత్రమే. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్, ఐటీబీపీ, ఎస్‌ఎస్‌బీ సిబ్బంది ఎన్‌పీఎస్ పరిధిలోకే వచ్చారు. ఈ బలగాలు కూడా రాజ్యాంగం చెప్పే కేంద్ర సాయుధ దళాలేనని, వాటికి పాత పింఛను వర్తిస్తుందని 2023 జనవరిలో ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. అదే ఏడాది సుప్రీంకోర్టు దాని అమలును నిలిపివేసింది. తీర్పు వచ్చిన రోజు వాట్సాప్‌లో తిరిగిన శుభవార్త ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. స్టే సంగతి మాత్రం అంత దూరం ప్రయాణించలేదు.

చేరిన తేదీ విషయంలో ఒక చిన్న మెలిక ఉంది. 2003 డిసెంబరు 22కు ముందు ప్రకటన వెలువడిన పోస్టులో ఎంపికై, 2004లోనో ఆ తరువాతో చేరిన వారికి పాత పింఛను కోరుకునే అవకాశాన్ని 2023 మార్చి 3న ఒక్కసారికి ఇచ్చారు. దానికి గడువు 2023 ఆగస్టు 31. రెండు తెలుగు రాష్ట్రాల ఉద్యోగులకు కటాఫ్ తేదీయే వేరు: 2004 సెప్టెంబరు 1 నుంచి చేరిన వారు కంట్రిబ్యూటరీ పింఛను, అంటే ఉద్యోగి కూడా వాటా చెల్లించే పద్ధతి, కిందికి వచ్చారు.

అపోహ: పదేళ్లు చేస్తే చాలు, మానేసినా పింఛను వస్తుంది.

ఈ ఒక్క మాట నమ్మి జీవితాలు తలకిందులు చేసుకున్న వారిని చూశాను గనుక కొంచెం వివరంగా రాస్తాను. పాత పింఛను నిబంధనల్లో పదేళ్ల అర్హత సర్వీసు (పింఛను లెక్కలోకి వచ్చే సర్వీసు) అనేది పదవీ విరమణ వయసు వచ్చి దిగిపోయే వారికి పెట్టిన కనీస పరిమితి. తనంతట తాను వెళ్లిపోదలచిన వారు స్వచ్ఛంద పదవీ విరమణ కోరాలంటే ఇరవై ఏళ్ల సర్వీసు ఉండాలి, మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. అంతకంటే ముందే వెళ్లిపోవడాన్ని నిబంధనలు రాజీనామాగానే చూస్తాయి. రాజీనామా చేస్తే, అనుమతితో మరో ప్రభుత్వోద్యోగంలో చేరేందుకు చేసినది తప్ప, గడిచిన సర్వీసంతా రద్దవుతుంది.

బీఎస్‌ఎఫ్‌లో ఇది పెద్ద వివాదమే అయింది. ఆ దళ నిబంధనల్లోని 19వ నియమం ప్రకారం ప్రత్యేక పరిస్థితుల్లో రాజీనామాను అనుమతించవచ్చు. 1995 చివరిలో వచ్చిన ఒక ఉత్తర్వును చూసి, పదేళ్లు దాటిన వారు రాజీనామా చేసినా పింఛను వస్తుందని చాలామంది అర్థం చేసుకుని ఉద్యోగాలు వదులుకున్నారు. పింఛను నిబంధనల కింద లేని హక్కు 19వ నియమంతో పుట్టదని 2001లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. కాబట్టి కొండల్లో పోస్టింగ్ భరించలేక దరఖాస్తు రాయబోయే వారు, అందులో "రాజీనామా" అని రాస్తున్నారా, "స్వచ్ఛంద పదవీ విరమణ" అని రాస్తున్నారా అన్నది ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. తేదీల లెక్కలో ఇరవై ఏళ్లకు నాలుగు నెలలు తక్కువైన ఒక హెడ్ కానిస్టేబుల్ దరఖాస్తును నేనే ఆపించి, సర్వీస్ బుక్కులో జీతం లేని సెలవు రోజులు కూడా తీసివేసి లెక్క వేసి, మరో ఆరు నెలలు ఆగమని చెప్పాను.

2025 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకం, యూపీఎస్, ఎంచుకున్న వారికి లెక్క ఇంకొకటి. ఇరవై ఐదేళ్ల సర్వీసు ఉంటే చివరి పన్నెండు నెలల సగటు మూల వేతనంలో 50 శాతం, అంతకంటే తక్కువైతే ఆ దామాషాలో తగ్గించి ఇస్తారు. పదేళ్లు దాటి పదవీ విరమణ చేసిన వారికి నెలకు కనీసం 10,000 రూపాయల హామీ ఉంది. అయితే ముందుగానే స్వచ్ఛందంగా తప్పుకున్న వారికి ఆ చెల్లింపు వెంటనే మొదలు కాదు. ఉద్యోగంలో కొనసాగి ఉంటే ఏ రోజున రిటైరయ్యేవారో ఆ రోజు నుంచి మొదలవుతుంది. నలభై ఐదో ఏట బయటికి రావాలనుకునే జవానుకు ఇది చిన్న విషయం కాదు.

మరో ప్రచారం కూడా ఉంది: ప్రమాదకర ఉద్యోగాల వారు యాభై ఏళ్లకే పూర్తి పింఛనుతో దిగిపోవచ్చని. అది అమెరికా సంగతి. అక్కడ ఫెడరల్ అగ్నిమాపక, పోలీసు తరహా ఉద్యోగాల్లో యాభై ఏళ్ల వయసు, ఇరవై ఏళ్ల సర్వీసు ఉంటే విరమించే వీలుంది. మన దగ్గర జరిగింది అందుకు విరుద్ధం. కమాండెంట్ హోదా వరకు 57 ఏళ్లకే విరమణ ఉన్న బలగాలు కొన్ని, అందరికీ 60 ఏళ్లు ఉన్నవి కొన్ని అన్న తేడాను ఢిల్లీ హైకోర్టు 2019 జనవరిలో తప్పుపట్టగా, అదే ఏడాది ఆగస్టులో అందరికీ 60 ఏళ్లు చేశారు.

అపోహ: రిస్కు అలవెన్సు కూడా పింఛను లెక్కలోకి వస్తుంది.

రాదు. పింఛనుకు ఆధారం మూల వేతనం; వైద్యులకైతే దానికి నాన్ ప్రాక్టీసింగ్ అలవెన్సు (సొంత ప్రాక్టీసు చేయనందుకు ఇచ్చేది) కలుస్తుంది. ఏడవ వేతన సంఘం తరువాత వచ్చిన రిస్కు అండ్ హార్డ్‌షిప్ పట్టిక ప్రకారం 2017లో సియాచిన్‌లో అధికారికి నెలకు 42,500, జవానుకు 30,000 రూపాయలుగా నిర్ణయించినా, అందులో ఒక్క రూపాయి పింఛనులో కనబడదు. ఎన్‌పీఎస్‌లో కోసే 10 శాతం, ప్రభుత్వం వేసే 14 శాతం కూడా మూల వేతనం, కరవు భత్యాల మీదే లెక్క కడతారు.

దీనికి ఒక ముచ్చటైన మినహాయింపు రైల్వేలో ఉంది. రైలు నడిపే సిబ్బందికి కిలోమీటర్లను బట్టి ఇచ్చే రన్నింగ్ అలవెన్సులో కొంత భాగం వేతనమేనని అంగీకరించి, పింఛను లెక్కలో మూల వేతనానికి 55 శాతం కలుపుతారు. ఇచ్చేది ప్రమాదానికి పరిహారంగా కాదు, వేతన నిర్మాణంలో భాగంగా. సీఆర్‌పీఎఫ్ అన్నకు రాని లాభం లోకో పైలట్ తమ్ముడికి ఎలా వచ్చిందని ఒకే ఇంట్లో అన్నదమ్ములు నన్ను అడిగినప్పుడు ఈ జవాబే చెప్పాను. అన్నగారికి అది అంతగా రుచించలేదు.

అపోహ: డ్యూటీలో ఉండగా చనిపోతే కుటుంబానికి పూర్తి జీతం వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ కన్నీళ్లు పెట్టించేది ఇదే. విధుల వల్ల మరణించిన, వైకల్యం పొందిన వారి కోసం ఉన్న 1939 నాటి అసాధారణ పింఛను నిబంధనల స్థానంలో 2023లో కొత్తవి వచ్చినా, మరణాన్ని లేదా వైకల్యాన్ని ఐదు వర్గాలుగా విడదీసే పద్ధతి కొనసాగుతోంది. సర్వీసుతో సంబంధం లేని సహజ కారణాలు "ఎ" వర్గం. సర్వీసు పరిస్థితుల వల్ల వచ్చిన జబ్బులు "బి". విధి నిర్వహణలో ప్రమాదాలు, అంటే డ్యూటీ మీద ప్రయాణిస్తుండగా వాహన ప్రమాదం, విద్యుదాఘాతం వంటివి "సి". ఉగ్రవాదుల, సంఘవిద్రోహుల హింస "డి". యుద్ధం, సరిహద్దు కాల్పులు, తీవ్రవాదులపై ఆపరేషన్లు "ఇ".

అక్షరం మారితే ఎంత మారుతుందో చూడండి. చివరి మూల వేతనం 40,000 రూపాయలు ఉన్న ఒక జవాను సర్వీసులో ఉండగా మరణించాడనుకుందాం. "ఎ" వర్గమైతే భార్యకు పదేళ్ల పాటు 50 శాతం, అంటే 20,000. ఆ తరువాత 30 శాతం, అంటే 12,000. "బి" లేదా "సి" అయితే 60 శాతం, అంటే 24,000. "డి" లేదా "ఇ" అయితే చివరి వేతనం మొత్తం, అంటే 40,000. వీటన్నిటి మీద కరవు ఉపశమనం (ధరల పెరుగుదలను బట్టి పింఛనుపై ఇచ్చేది) అదనం. ఎక్స్‌గ్రేషియా వేరు: 2016 ఉత్తర్వుల ప్రకారం విధి నిర్వహణలో ప్రమాదానికీ, ఉగ్రవాద హింసకూ 25 లక్షలు, సరిహద్దు కాల్పులు, మిలిటెంట్లపై చర్యల్లో మరణానికి 35 లక్షలు, యుద్ధంలో శత్రు చర్యకు 45 లక్షలు. "ఎ" వర్గానికి ఇది ఉండదు.

అంటే యూనిఫాం వేసుకుని ఉండగా గుండె ఆగిన ప్రతి సందర్భమూ "బి" కాదు. అలాగని ప్రతిదీ "ఎ" కూడా కాదు. ఆ మరణానికీ, సర్వీసు పరిస్థితులకూ కారణ సంబంధం ఉందని కాగితం చూపించాలి. ఒక ఫైలు నాకు బాగా గుర్తుంది. యూనిట్ నుంచి వచ్చిన తొలి నివేదికలో కారణం గడిలో "హార్ట్ ఎటాక్, నేచురల్" అని రెండే మాటలున్నాయి. ఆ జవాను అంతకు ముందు నాలుగు రోజులుగా ఎత్తయిన ప్రాంతంలో గస్తీలో ఉన్నాడన్న సంగతి వేరే రిజిస్టరులో, గస్తీ డైరీలో, ఉంది. ఆ రెండు కాగితాలూ ఒక చోటికి చేరడానికి పదిహేను నెలలు పట్టింది. ఆ కార్యాలయంలో ఎవరికీ దురుద్దేశం లేదు. ఫారం నింపిన గుమాస్తాకు ఆ గడి విలువ తెలియదు, అంతే. అందుకే కుటుంబ సభ్యులకు నేను చెప్పేది, కర్మకాండలు ముగిశాక మొదట అడగవలసింది కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ (దళం జరిపే అంతర్గత విచారణ) నివేదిక ప్రతిని, పోస్టుమార్టం నివేదికను, ఘటనకు ముందు రోజుల డ్యూటీ రోస్టరును అని. తప్పుగా వర్గీకరించారనిపిస్తే రాతపూర్వకంగా అప్పీలు చేయాలి.

"అమరవీరుడు" అని పత్రికలు రాసినంత మాత్రాన వర్గం మారదు. సైన్యంలో గానీ, కేంద్ర బలగాల్లో గానీ ఆ పేరుతో అధికారిక గుర్తింపు ఏదీ లేదని కేంద్రం పార్లమెంటుకు చెప్పింది. కేంద్ర బలగాల కుటుంబాలకు పనికొచ్చేది ఆపరేషనల్ క్యాజువాలిటీ సర్టిఫికెట్, అంటే ఆపరేషన్‌లో మరణించారని ఇచ్చే ధ్రువపత్రం.

అపోహ: సర్వీసు పదేళ్లు నిండకపోతే గాయపడిన వారికి, వారి కుటుంబాలకు ఏమీ రాదు.

ఇది ఒకప్పుడు కొంత నిజం. శరీరం సహకరించక మెడికల్ బోర్డు ద్వారా బయటికి వచ్చిన వారికి, పదేళ్లు నిండకపోయినా అశక్తత పింఛను ఇచ్చేలా 2019లో నిబంధన సవరించారు. సర్వీసులో మరణించిన వారి కుటుంబానికి 50 శాతం పింఛను రావాలంటే ఏడేళ్ల సర్వీసు ఉండాలన్న షరతు కూడా 2019 అక్టోబరు 1 నుంచి పోయింది. మరణించిన ఉద్యోగి కుటుంబానికి ఏకమొత్తంగా ఇచ్చే డెత్ గ్రాట్యుటీకైతే కనీస సర్వీసు అన్నదే లేదు. మొదటి ఏడాదిలో మరణించినా రెండు నెలల వేతనం వస్తుంది. విధి నిర్వహణలో గాయమైతే అసాధారణ పింఛను నిబంధనల కింద సర్వీసు భాగానికి వైకల్య భాగం తోడవుతుంది. వైకల్యం వచ్చిన ఉద్యోగిని తొలగించరాదన్న 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని రక్షణ మాత్రం కేంద్ర బలగాల్లోని పోరాట పోస్టులకు వర్తించకుండా 2021 ఆగస్టులో మినహాయింపు ఇచ్చారు. కాబట్టి ఆ పోస్టుల వారికి మెడికల్ బోర్డు కాగితాలే కీలకం.

అపోహ: ఎన్‌పీఎస్ ఉద్యోగి చనిపోతే ఖాతాలో ఉన్న సొమ్మే దిక్కు.

2021 మార్చిలో వచ్చిన ఎన్‌పీఎస్ అమలు నిబంధనల్లో పదో నియమాన్ని ఎన్‌పీఎస్‌లో ఉన్న ప్రతి జవానూ చదవాలి. సర్వీసులో మరణిస్తే లేదా అశక్తతతో బయటికి వస్తే, ఎన్‌పీఎస్ ప్రయోజనాలు కావాలా, పాత పింఛను లేదా అసాధారణ పింఛను నిబంధనల ప్రయోజనాలు కావాలా అన్నది ఉద్యోగి ముందుగానే ఫారం 1లో తెలియజేయవచ్చు. పాత పద్ధతిని ఎంచుకున్న ఉద్యోగి మరణిస్తే ఖాతాలోని ప్రభుత్వ వాటా, దాని మీద రాబడి ప్రభుత్వానికి తిరిగి వెళ్తాయి. ఉద్యోగి సొంత వాటా, దాని రాబడి కుటుంబానికి ఏకమొత్తంగా వస్తాయి. నెల నెలా కుటుంబ పింఛను దీనికి అదనం.

ఆప్షన్ ఇవ్వకుండానే మరణిస్తే, పదిహేనేళ్ల సర్వీసు నిండే వరకు పాత పద్ధతే వర్తిస్తుందని నియమం భావిస్తుంది. పదిహేనేళ్లు దాటాక అది తిరగబడి ఎన్‌పీఎస్ వర్తిస్తుంది. 2009లో చేరిన జవానుకు ఆ పదిహేనేళ్లూ 2024లోనే నిండిపోయాయి. ఇంకా ఇరవై రెండేళ్ల వయసులో బ్యారక్‌లో ఎవరో ఇస్తే చదవకుండా సంతకం పెట్టిన ఫారం సర్వీస్ బుక్కులో ఉండవచ్చు, అసలు ఉండకపోవచ్చు. ఆప్షన్‌ను ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు కనుక, ఈసారి సెలవుకు వచ్చే ముందు ఆఫీసులో సర్వీస్ బుక్కు తెప్పించుకుని, ఫారం 1 అతికించి ఉందో లేదో, ఉంటే ఏ గడిలో టిక్కు ఉందో, కింద కార్యాలయాధిపతి సంతకం, ముద్ర పడ్డాయో లేదో చూసుకుని, ఒక నకలు ఇంట్లో భార్య చేతికి ఇవ్వండి.