కాకినాడ ప్రయోగం నుంచి పలాస జీడి బట్టీల దాకా

పరిశ్రమ పెట్టే చొరవ పుట్టుకతో రావాలే గాని నేర్పితే వచ్చేది కాదన్న నమ్మకాన్ని గట్టిగా పరీక్షించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి తెలుగు నేలమీదే జరిగింది. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌క్లెలాండ్ 1964లో కాకినాడ వ్యాపారులకు హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థలో తరగతులు పెట్టించారు. శిక్షణ పొందినవారు ఇతరులకన్నా ఎక్కువ చొరవతో కొత్త పెట్టుబడులకు దిగారనీ, సంప్రదాయ విశ్వాసాలు అందుకు అడ్డు రాలేదనీ ఆయన బృందం తేల్చింది. అయితే వారు అప్పటికే వ్యాపారంలో ఉన్నవారు, చదువుకుంటున్న విద్యార్థులు కారు. ఈ తేడాను తర్వాతి కాలంలో మనం తగినంతగా పట్టించుకోలేదు.

1983లో అహ్మదాబాద్‌లో ఔత్సాహిక పారిశ్రామికవేత్తల శిక్షణకు జాతీయ స్థాయి సంస్థ వచ్చింది. విశ్వవిద్యాలయాలు మాత్రం చాలాకాలం ఉద్యోగార్థులనే తయారుచేశాయి. రాజాంకు చెందిన గ్రంధి మల్లికార్జునరావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివి, జూట్ మిల్లుతో మొదలుపెట్టి పెద్ద పారిశ్రామికవేత్త అయ్యారు గాని, అలాంటివారు అరుదు. శ్రీకాకుళం జిల్లా ఎచ్చెర్లలోని పీజీ కేంద్రం 2008లో అంబేడ్కర్ విశ్వవిద్యాలయంగానూ, విజయనగరం జేఎన్‌టీయూ కళాశాల 2022లో గురజాడ పేరిట విశ్వవిద్యాలయంగానూ ఎదిగాయి. ఈలోగా 2016లో స్టార్టప్ ఇండియా, 2019లో విద్యార్థుల స్టార్టప్‌లకు జాతీయ విధానం వచ్చాయి.

ఎంట్రప్రెన్యూర్‌షిప్, అంటే పరిశ్రమ పెట్టే చొరవ, ఇప్పుడు పాఠ్యాంశమే. కాని కాగితం మీద ప్రాజెక్టు నివేదిక రాయడం వేరు, శ్రీకాకుళం జిల్లా పలాసలో జీడిపిక్కలు కొనడం వేరు. అక్కడ పిక్కను ఉడికించి, కోసి, పప్పు తీసి, ఆరబెట్టి, పొట్టు ఒలిచాక గ్రేడు కడతారు. 320 గ్రేడు అంటే పౌండుకు (సుమారు 454 గ్రాములకు) దాదాపు అన్ని గింజలు తూగే పప్పు. కోతలో గింజ బద్దలైతే ధర పడిపోతుంది. కొన్న పిక్కలో పప్పు ఎంత దిగుతుందో అంచనా తప్పితే ఏడాది పెట్టుబడికే నష్టం. పిక్కల కొనుగోలుకు అప్పు తెచ్చి, నెలల తరబడి సరుకు నిల్వ ఉంచి నెగ్గుకురావడం కూడా ఒక విద్యే, అది బట్టీ దగ్గర నిలబడితేనే పట్టుబడుతుంది.

2019 విధానం ప్రకారం స్టార్టప్ నడిపే విద్యార్థికి హాజరులో సడలింపు ఇవ్వవచ్చు, సెమిస్టరు విరామమూ ఇవ్వవచ్చు. మన ఉత్తరాంధ్ర జిల్లాల్లో ఈ వెసులుబాటు ఎంతో అవసరం, ఎందుకంటే పలాస చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కలు చేతికొచ్చి కొనుగోళ్లు ముమ్మరమయ్యే వేసవి నెలల్లోనే కళాశాలల్లో పరీక్షలూ జరుగుతాయి.