కవరు తొడిగిన వెన్నులు

చిన్నీ, బబ్లూ,

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో బబ్లూ అడిగాడు కదా, "అమ్మమ్మా, నువ్వు ఉద్యోగంలో ఏం చేసేదానివి?" అని. వరి పువ్వులకు పెళ్ళిళ్ళు చేసేదాన్ని అన్నాను. ఇద్దరూ పకపకా నవ్వారు. వరికి పువ్వులుంటాయా అని చిన్ని అడుగుతుండగానే నెట్ పోయింది. ఫోన్లో చెప్తే ఎలాగూ సగమే వింటారు. అందుకే ఈ ఉత్తరం.

ఉంటాయే తల్లీ, ఎందుకుండవు? మల్లెపువ్వులా అందరికీ కనబడే పువ్వు కాదు, అంతే. వెన్ను, అంటే వరి కంకి, మొక్క పొట్టలోంచి బయటికొచ్చాక ఒక్కో గింజ పొట్టు పొద్దున తొమ్మిది దాటాక కాసేపు నోరు తెరుస్తుంది. లోపల ఆరు కేసరాలు, వాటి కొనల్లో పుప్పొడి తిత్తులు, మధ్యలో పుప్పొడిని పట్టుకునే ఈకల్లాంటి కీలాగ్రాలు రెండు. గంటో గంటన్నరో ఉండి మళ్ళీ మూసుకుంటుంది. ఆపాటికే దాని పుప్పొడి దాని మీదే రాలిపోతుంది. వరికి బయటి సంబంధం అక్కర్లేదు. దానికి బయటి సంబంధం కుదర్చడమే మా పని. దాన్నే క్రాస్ అంటాం.

ముందురోజు సాయంత్రం, అప్పుడప్పుడే బయటపడిన వెన్నును ఎంచుకుంటాం. చిన్న కత్తెరతో ఒక్కో గింజ కొసను మూడోవంతు కత్తిరించి, సన్నటి పట్టకారుతో ఆరు తిత్తులనూ తీసేస్తాం. అదే తల్లి. వెన్నుకు బట్టర్ పేపర్ కవరు తొడిగి, ట్యాగు కట్టి ఇంటికెళ్తాం. మర్నాడు పొద్దున తండ్రి మొక్క వెన్ను కోసుకొచ్చి, పూలు తెరుచుకోగానే ఈ కవర్లో దులుపుతాం. నెల తిరిగేసరికి, కత్తిరించిన పొట్టులోంచి తల బయటపెట్టి చూస్తున్న గింజలు నాలుగో పదో దొరుకుతాయి.

ఒక ఏడాది నేను తొందరపడ్డాను. ఆ రోజు ఇంటికి చుట్టాలొస్తున్నారు. వెలుతురు తగ్గిపోతోంది, ఇంకో రెండు వెన్నులు మిగిలాయి. గబగబా తీసేసి వెళ్ళిపోయాను. కొన్ని పువ్వుల్లో ఒక తిత్తి ఉండిపోయినట్టుంది. ఆ గింజలు నాటితే మొక్కలు బ్రహ్మాండంగా వచ్చాయి, కానీ అచ్చు తల్లిలాగే. మా సార్ చూసి, "ఇది క్రాస్ కాదమ్మా, తల్లి తన గింజ తానే కనేసింది" అన్నారు. తిట్టలేదు. తిడితేనే బావుండేది. ఒక సీజన్ మొత్తం పోయింది.

క్రాస్ కుదిరితే మొదటి తరం మొక్కలన్నీ ఒకేలా ఉంటాయి. అసలు తమాషా రెండో తరంలో. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి సన్నగింజ, ఒకటి ముతక, ఒకటి ముందే కోతకొస్తుంది. బఠాణీ మొక్కల్లో ఈ లెక్కను మెండెల్ అనే ఆయన 1860లలోనే పట్టుకున్నాడు. మీకు పై క్లాసుల్లో వస్తుంది, వదిలేస్తున్నా. ఆ వేల మొక్కల్లోంచి మంచివి ఏరి, వాటి గింజ మళ్ళీ నాటి, మళ్ళీ ఏరి, ఇలా ఆరేడు తరాలు నడిస్తే గానీ గుణాలు నిలకడకు రావు. తర్వాత ఊరూరా పరీక్షలు. ఒక విత్తనం బయటికి రావడానికి పదేళ్ళు పట్టిందంటే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు మీరు తినే అన్నం సంగతికొస్తాను. మనింట్లో వండేది సాంబ మసూరి. దాని ఆఫీసు పేరు బీపీటీ 5204. వాహనాలకు నంబరు ప్లేట్లున్నట్టే వరికీ ఉంటాయి, తయారైన పరిశోధన కేంద్రం ఊరిని బట్టి. బీపీటీ అంటే బాపట్ల బండి, ఎంటీయూ అంటే మారుటేరు, జేజీఎల్ అంటే జగిత్యాల, ఆర్ఎన్ఆర్ అంటే రాజేంద్రనగర్. సాంబ మసూరి 1986లో విడుదలైంది. మీకక్కడ అమెరికాలో దొరికే సోనా మసూరి ఇది కాదు. ఇద్దరికీ మసూరి చుట్టం, అంతే.

దీని వంశం చూడండి. కోయంబత్తూరులో ఎంపిక చేసిన పాత రకం జీఈబీ-24 నుంచి సన్నగింజ, రుచి. తైవాన్ నుంచి వచ్చిన టీఎన్-1 నుంచి పొట్టితనం. మలేషియాలో తయారైన మసూరి మూడోది. పొట్టితనం ఏం గొప్ప అంటారేమో. పాత రకాలు నడుము దాటి బాగా ఎత్తు పెరిగేవి. ఎరువు కాస్త ఎక్కువేస్తే ఇంకా పెరిగి, గింజ బరువుకి, గాలికి చేనంతా పడిపోయేది. పడిన చేను నీళ్ళలో నాని మొలకెత్తేది. పొట్టి రకాలు వచ్చాకే ఎరువు గింజలోకి వెళ్ళడం మొదలైంది.

ఇన్ని మంచి గుణాలున్న సాంబకి ఒక జబ్బు మాత్రం గట్టిగా పట్టుకునేది. ఎండాకు తెగులు. ఆకు కొస నుంచి అంచులెంబడి పసుపు చార దిగుతుంది, తర్వాత తెల్లగా ఎండిపోతుంది. గాలివాన వచ్చిన వారానికి చేను కాల్చినట్టుంటుంది. ఇది బ్యాక్టీరియా తెచ్చే జబ్బు. దీన్ని నమ్మకంగా ఆపే మందు లేదు. రైతేమో సాంబని వదలడు, ఎందుకంటే రేటు పలికేది దానికే.

కొత్త రకం తయారుచేస్తే తెగులు ఆగుతుందేమో గానీ, అది సాంబలా ఉండకపోతే కొనేవాడెవడు? అన్నం మెతకదనం, గింజ సన్నదనం ఏమీ మారకూడదు, తెగులు మాత్రం రాకూడదు. నా దృష్టిలో అన్నిట్లోకీ కష్టమైన పని ఇదే. హైదరాబాద్‌లో జీవకణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ వాళ్ళూ, వరి పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి ఆ పని చేశారు.

తెగులును తట్టుకునే మూడు జన్యువులను ఎంచుకున్నారు. ఒకటి ఆఫ్రికాలో మాలి దేశపు అడవి వరిది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో దాన్ని మామూలు వరిలోకి తెచ్చారు. అది కాపలాకుక్క లాంటిది, బ్యాక్టీరియా రాగానే కనిపెట్టి మొక్కను లేపుతుంది. ఇంకోదాని కథ నాకు భలే ఇష్టం. ఈ బ్యాక్టీరియా ఆకులో దూరి, మొక్క కణాల్లో చక్కెర బయటికి పంపే కుళాయి ఒకటుంటే దాన్ని తనకోసం తిప్పుకుంటుంది. రెండో జన్యువు ఉన్న మొక్కలో ఆ కుళాయి పిడి కాస్త వేరేగా ఉంటుంది. దొంగ చేతికి అందదు. మూడోదీ అలాంటి అడ్డంకే.

ఈ మూడూ ఉన్న మొక్కను సాంబతో క్రాస్ చేస్తే పిల్లలో సగమే సాంబ. ఆ పిల్లను మళ్ళీ సాంబతో కలిపితే పరాయిది పావుకి తగ్గుతుంది. ఇంకోసారికి అరపావు. ఉప్పెక్కువైన మజ్జిగ సగం పారబోసి, ఉప్పు లేని మజ్జిగ పోస్తూ పోయినట్టు. కానీ ఆ మజ్జిగలో మూడు కరివేపాకులున్నాయి, అవి మాత్రం ఒక్కసారి కూడా పారిపోకూడదు!

ఎలా కాపాడాలి? తెగులు అంటించి, బతికినవి ఏరుకుంటే సరిపోదా అంటారు. సరిపోదు. మొక్కలో ప్రతి జన్యువూ రెండు కాపీలు, తల్లిదొకటి, తండ్రిదొకటి. ఆ మూడింటిలో రెండు జన్యువులు, రెండు కాపీలూ తమవైతేనే పనిచేస్తాయి. సాంబతో కలిపిన ప్రతిసారీ ఒక కాపీ సాంబదే వస్తుంది, కాబట్టి అవి నోరు మూసుకుని కూర్చుంటాయి. మా నాన్నవి పిల్లికళ్ళు. నాకు రాలేదు, మీ అమ్మకొచ్చాయి. అంటే నాలో దాక్కుని ఉండే ఉంటాయి కదా, అలాగన్నమాట. పైకి చూస్తే తెలియదు. అందుకని నారుమడిలో ఉండగానే ఆకు ముక్క తుంచి, డీఎన్ఏ తీసి, ఆ జన్యువు పక్కనుండే గుర్తును వెతుకుతారు. గుర్తున్న మొక్కే ముందుకెళ్తుంది. ఇలా నాలుగుసార్లు సాంబతో కలిపారు. చివర్లో ఆ మొక్కను దాని పుప్పొడితోనే గింజ కట్టనిచ్చి, రెండేసి కాపీలున్నవి ఏరారు. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అని 2008లో బయటికొచ్చింది.

ఇందులో బయటి జీవి జన్యువు ఏదీ లేదు, వరిది వరికే. పనిలో పనిగా, ఆ బియ్యం తిన్నాక రక్తంలో చక్కెర కాస్త నిదానంగా పెరుగుతుందని కూడా తేలింది. మీ తాతయ్య అది పట్టుకుని ఇంకో రెండు ముద్దలు ఎక్కువ తింటానంటున్నాడు. నేను పెట్టడం లేదు.

ఇక తాజా కబురు. 2025 మే నెలలో కమల అనే కొత్త వరిని ప్రకటించారు. అదీ మన సాంబే. ఈసారి క్రాసింగ్ లేదు. సాంబ సొంత జన్యువు ఒకదాన్నే లోపల చిన్నగా కత్తిరించి సరిచేశారు. దాంతో వెన్నుకు గింజలు ఎక్కువ కడతాయనీ, దాదాపు 20 రోజులు ముందే కోతకొస్తుందనీ చెప్తున్నారు. దాంతోపాటే ప్రకటించిన ఇంకో రకానికి మూలం మారుటేరు రకం, కాటన్‌దొర సన్నాలు. రెండూ మన ఊళ్ళ పేర్లున్న వరులే అని విని పొంగిపోయానంటే అబద్ధం కాదు. అయితే దిగుబడి లెక్కల మీద వాదనలు నడుస్తున్నాయి. నాకైతే నాలుగు జిల్లాల రైతులు నాలుగేళ్ళు వేసి చూసేదాకా చప్పట్లు కొట్టాలని లేదు. పొలంలో పనిచేసినవాళ్ళ అలవాటు అది.

దసరా నాటికి సాంబ వెన్ను తీసి పూతలో ఉంటుంది. రండి. కత్తెర, పట్టకారు నా దగ్గరే ఉన్నాయి, బట్టర్ పేపర్ మీ తాతయ్య తెచ్చిపెడతాడు. బబ్లూ, నువ్వు ఎనిమిదికల్లా లేవాలి. పదింటికి లేచి పువ్వేదీ అంటే నేను చూపించలేను.

మీ
అమ్మమ్మ