డబ్బున్నవాళ్లు ఇచ్చి తీరాలా? అడిగే పనిలో ఉన్నవాడి అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో పన్నెండేళ్లుగా నా పని డబ్బులు అడగడం. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లు కట్టడానికి కర్నూలు నుంచి, పాలమూరు నుంచి వచ్చిన కూలీల పిల్లలకు బడి నడిపే చిన్న ట్రస్టు మాది. అడిగేవాణ్ణి కాబట్టి నా తూకం ఒక పక్కకే మొగ్గుతుంది, ముందే చెప్పేస్తున్నా.

అపోహ: "ఇదంతా నా కష్టార్జితం, ఎవరికీ బాకీ లేను."

అందరికంటే ఎక్కువ వినేది ఇదే. కష్టపడలేదని నేనూ అనను. చిత్తూరు వైపు పెద్దాయన ఒకరు కాఫీ ఇచ్చి మరీ ఈ మాట అన్నారు. ఆయన సైటు కొన్న రోజుల్లో చుట్టూ రాగి చేలేనట, తర్వాత ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది, కంపెనీలొచ్చాయి, ఇప్పుడు పైన నాలుగు ఫ్లోర్లూ అద్దెకిచ్చారు. "రేటు పెరగడానికి మీరేం చేశారు సార్?" అని ఉండబట్టలేక అడిగేశా. నవ్వేసి, "ఓపిక పట్టా" అన్నారు. రోడ్డు పడింది జనం కట్టిన పన్నుతో, ఆ ఫ్లోర్లు లేపింది మా బడి పిల్లల అమ్మానాన్నల్లాంటివాళ్లు. ఒళ్లు వంచి సంపాదించిందెంత, కూర్చుంటే పెరిగిందెంత అని ఎవరికి వాళ్లు విడదీసి చూసుకుంటే బాకీ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఆయన ఏమీ ఇవ్వలేదు. కాఫీ మాత్రం బ్రహ్మాండంగా ఉంది.

అపోహ: "ట్యాక్స్ కడుతున్నాంగా, ఇంకేంటి?"

జీతం మీద కడుతున్నారు, నిజమే. కానీ వారసత్వంగా వచ్చే ఆస్తి మీద ఎస్టేట్ డ్యూటీ 1985లోనే పోయింది, సంపద పన్నును 2015 బడ్జెట్‌లో ఎత్తేశారు. అమ్మనంతవరకు పెరిగిన షేర్ల విలువ మీద ఆదాయపు పన్ను పడదు. ప్రభుత్వం అడగడం మానేసిన చోటికే నాలాంటివాడు రసీదు పుస్తకం పట్టుకుని వస్తున్నాడు.

అపోహ: "పెద్దోళ్లు ఇచ్చేదంతా ట్యాక్స్ మిగుల్చుకోడానికే."

ఇది డబ్బు లేనివాళ్లు అనే మాట. లెక్క చూడండి. మాలాంటి ట్రస్టుకు లక్ష ఇస్తే, దానాలకిచ్చే పన్ను మినహాయింపు (80జి) కింద, పన్ను పడే ఆదాయంలోంచి తగ్గేది సగం, 50 వేలు. 30 శాతం శ్లాబులో దాని మీద మిగిలే పన్ను 15 వేలు, సెస్ కలిపితే ఇంకో ఆరొందలు. మిగతా 84 వేల పైచిలుకు సొంత జేబులోదే. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపు కూడా లేదు. అన్నట్టు, వస్తువులిస్తే 80జి రాదు. మొన్న దీపావళికి ఒకావిడ మూడు సంచుల పాత బట్టలు పంపించి రసీదు అడిగారు, విప్పితే జిప్పు పోయిన ప్యాంట్లు, ఒంటి కాలి బూటు!

అపోహ: "మా ఓనరు కోట్లు దానం చేస్తాడు, సీఎస్ఆర్ చూడండి."

సీఎస్ఆర్ అంటే కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు. అది దానం కాదు, 2013 కంపెనీల చట్టం పెట్టమన్నది. నికర లాభం 5 కోట్లకు చేరినా, టర్నోవరు 1000 కోట్లకు చేరినా, మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాల్సిందే. అది వాటాదారులందరి సొమ్ము. సొంత సొమ్ము ఇవ్వడమంటే ఇదే ఊళ్లో అజీమ్ ప్రేమ్‌జీ చేసింది: 2019లో ఇంకో 34 శాతం విప్రో షేర్ల మీద వచ్చే ఫలం రాసిచ్చేశారు, అంతకుముందు ఇచ్చినవాటితో కలిపి 67 శాతం.

అపోహ: "ఇవ్వడం మా దయ, కాబట్టి ఏమివ్వాలో మా ఇష్టం."

మన పోచంపల్లిలో 1951 ఏప్రిల్ 18న వినోబా భావేను దళితులు 80 ఎకరాలు అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. భూదానం మొదలైంది అలా. ఆ తర్వాత వినోబా లేనివాళ్ల కోసం ఊరూరా తిరిగి భూమి అడిగిన పద్ధతి నాకు చాలా ఇష్టం: మీకు ఐదుగురు కొడుకులుంటే నన్ను ఆరోవాణ్ణి అనుకోండి, నా వాటా నాకివ్వండి. కొడుకు దయ అడగడు కదా. అయినా భూదానంలో వచ్చిన భూమిలో చాలా భాగం రాళ్లూరప్పలూ, కోర్టు తగాదాల్లో ఉన్నవీ. ఆ ఒంటి కాలి బూటు చూసినప్పుడు నాకు గుర్తొచ్చింది అదే.

మాకు కావాల్సింది టీచరు జీతం, అద్దె, కరెంటు బిల్లు. "మా డబ్బు జీతాలకు వాడొద్దు, పిల్లలకే చేరాలి" అంటారు, టీచరు లేకుండా పిల్లలకు చేరేదేంటో నాకైతే అర్థం కాదు. కంపెనీలవాళ్లు నిర్వహణ ఖర్చు 5 శాతం మించకూడదనే రూలు చూపిస్తారు, అది కంపెనీ తన సీఎస్ఆర్ ఆఫీసు నడుపుకునే ఖర్చుకు పెట్టిన హద్దు, బడి నడిపేవాళ్ల ఖర్చుకు కాదు. ఈ ముక్క చెప్పీ చెప్పీ నోరు నొప్పెడుతోంది.

రెండేళ్ల కింద ఒక దాత మా బడికి ఆర్‌ఓ ఫిల్టర్ పెట్టించారు, పక్కన వాళ్ల నాన్నగారి పేరుతో ఫిల్టర్ కంటే పెద్ద బోర్డు. ఈ ఎండాకాలం లోపల నీళ్లు వడగట్టే మెంబ్రేన్ పోయింది. మార్పించమంటే, "రిపేర్లకు మేం ఇవ్వం, కావాలంటే కొత్తది పెట్టిస్తాం" అన్నారు. ప్రస్తుతం పిల్లలకు క్యాన్ నీళ్లు తెప్పిస్తున్నాం. బోర్డు మాత్రం వారానికోసారి తుడుస్తున్నాం, ఫొటో పంపించమంటారుగా.