‘తీర్చబడుట’ అంటే ఏమిటి? విశ్వాసమూలమైన నీతిపై అపోహలు - వాస్తవాలు

లూథరన్ సంఘంలో బైబిలు బోధిస్తున్న నాకు, మనిషి తన క్రియల వలన కాక విశ్వాసం వలన దేవుని ఎదుట నీతిమంతుడుగా తీర్చబడతాడనే ఈ సిద్ధాంతంపై ఎదురయ్యే సందేహాలలో చాలావరకు ‘తీర్చబడుట’ అనే ఒక్క మాట దగ్గరే మొదలవుతాయి.

అపోహ: నీతిమంతుడుగా తీర్చబడడమంటే దేవుడు మనిషిని క్రమక్రమంగా మంచివాడిగా తీర్చిదిద్దడం.

వాస్తవం: తెలుగువారికి ‘తీర్చిదిద్దడం’ స్ఫురించడం సహజమే గాని, ఇక్కడ వినవలసింది ‘తీర్పు తీర్చడం’. పౌలు వాడిన గ్రీకు క్రియ న్యాయసభకు చెందినది. నీతిమంతుణ్ణి నీతిమంతుడనీ దోషిని దోషి అనీ తీర్పు తీర్చాలని చెప్పే ద్వితీయోపదేశకాండము 25:1లో, ప్రాచీన గ్రీకు అనువాదం ఇదే క్రియను వాడింది. అయితే రోమా 4:5 దేవుడు భక్తిహీనుణ్ణే నీతిమంతుడుగా తీరుస్తాడంటుంది. దోషిని నిర్దోషి అనడం హేయమని సామెతలు 17:15 చెబుతుండగా ఇది న్యాయమెలా అవుతుంది? నా దృష్టిలో ఈ సిద్ధాంతానికి గుండెకాయ ఈ ప్రశ్నే. క్రీస్తు రక్తాన్ని ప్రాయశ్చిత్తంగా చూపి, దేవుడు తాను నీతిమంతుడై ఉండి, యేసునందు విశ్వాసముంచినవాణ్ణి నీతిమంతుడుగా తీరుస్తున్నాడని రోమా 3:25-26 జవాబిస్తుంది. జీవితం మారడం పరిశుద్ధపరచబడుట. అది ఈ తీర్పు వెంట వస్తుంది, దానికి కారణం కాదు.

అపోహ: విశ్వాసమే మనం చెల్లించే వెల.

వాస్తవం: విశ్వాసం పుచ్చుకొనే చెయ్యి మాత్రమే. ‘నా విశ్వాసం చాలదేమో’ అని కన్నీళ్లు పెట్టుకొనేవారికి నేను చెప్పేది, రక్షించేది ఆ చేతి బలం కాదు, క్రీస్తు అని.

అపోహ: విశ్వాసం మాత్రమే చాలదు, క్రియలూ ఉండాలని రాసి పౌలును యాకోబు ఖండించాడు.

వాస్తవం: ఇద్దరూ ఆదికాండము 15:6నే ఉదాహరించారు. సున్నతికి ముందే అబ్రాహాము నీతిమంతుడని ఎంచబడ్డాడని పౌలు చూపగా, ఆ విశ్వాసం సజీవమైనదని ఇస్సాకు అర్పణలో తేలిందని యాకోబు చూపాడు. 1522లో మా సంఘానికి మూలపురుషుడైన సంస్కర్త లూథరు యాకోబు పత్రికను గడ్డితో పోల్చడం తొందరపాటేనని, లూథరన్‌నైనా, నేను అనుకుంటాను.

అపోహ: ఈ విషయంలో కతోలికులతో మాటలకే తావు లేదు.

వాస్తవం: 1547లో కతోలిక సంఘపు ట్రెంట్ మహాసభ లూథరు వంటి సంస్కర్తల బోధను ఖండించిన మాట నిజమే. కాని 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కతోలిక సంఘం ఈ సిద్ధాంతం గురించిన ఉమ్మడి ప్రకటనపై సంతకాలు చేశాయి. 2006లో మెథడిస్టులు దానితో ఏకీభవించారు. మన క్రియల వలన కాక కృపవలననే దేవుడు మనలను అంగీకరిస్తాడని ఆ ప్రకటన ఒప్పుకొంటుంది. తీర్పుకూ అంతరంగ నవీకరణకూ గల సంబంధాన్ని మాత్రం రెండు సంఘాలూ నేటికీ వేర్వేరుగానే వివరిస్తున్నాయి.