మెసేజ్‌లన్నీ చదివితే పిల్లలు భద్రంగా ఉన్నట్టేనా? అపోహలు - వాస్తవాలు

"వాడికి తెలియకూడదు. వాడి మెసేజ్‌లన్నీ నా ఫోన్‌లో కనపడాలి. అలాంటి యాప్ ఏదైనా ఉంటే చెప్పండి." పిల్లల ఫోన్లకు సేఫ్టీ సెట్టింగులు పెట్టడం, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆ ఇంటివాళ్లతో కూర్చుని దారి చూపించడం నా పని. ఈ పనిలో నేను అన్నిటికన్నా ఎక్కువగా వినే మాట ఇదే. అడిగేవాళ్ల మీద నాకు కోపం లేదు. లైటు ఆరాక కూడా దుప్పటి కింద స్క్రీన్ వెలుగు కనిపిస్తుంటే ఏ తల్లికి నిద్రపడుతుంది? ఆ భయాన్ని సొమ్ము చేసుకునే ప్రకటనల మీదే నా కోపమంతా.

అపోహ: రహస్యంగా యాప్ పెట్టి మెసేజ్‌లు చదువుతుంటే ప్రమాదం ముందే తెలిసిపోతుంది

అందరికీ ఎక్కువ నష్టం చేసేది ఇదే కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఆ యాప్ ఎలా పనిచేస్తుందో చూడండి. వాట్సాప్‌లో 2016 నుంచి అన్ని చాట్‌లకూ ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది, అంటే పంపినవాళ్ల ఫోన్‌లో, అందుకున్నవాళ్ల ఫోన్‌లో తప్ప మెసేజ్ తెరుచుకోదు. మధ్యదారిలో మెసేజ్ పట్టుకుని చదవడం కుదరదు. అందుకే ఈ యాప్‌లు ఫోన్ లోపలే తిష్ఠవేసి, స్క్రీన్ మీద కనిపించేదాన్నీ వచ్చే నోటిఫికేషన్లనూ చదువుతాయి. ఆండ్రాయిడ్‌లో దానికోసం యాక్సెసిబిలిటీ పర్మిషన్ అడుగుతాయి. చూపు లేనివాళ్లకు స్క్రీన్ చదివి వినిపించే యాప్‌ల కోసం పెట్టిన పర్మిషన్ అది. ఒకసారి ఇచ్చామంటే స్క్రీన్ మీదకొచ్చే దాదాపు ప్రతిదీ ఆ యాప్ కళ్లబడుతుంది.

ప్లే స్టోర్‌లో ఇలాంటివి దాక్కుని పనిచేయడానికి వీల్లేదు. తల్లిదండ్రులు పిల్లల కోసం వాడే యాప్ అయినా సరే, పనిచేస్తున్నంతసేపూ నోటిఫికేషన్ కనిపిస్తూ ఉండాలని గూగుల్ 2020లో నియమం పెట్టింది. అందుకే రహస్య యాప్‌లు అమ్మేవాళ్లు ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పని లేకుండా యాప్ పెట్టుకునే ఫైల్) పంపి, తెలియని సోర్సుల నుంచి ఇన్‌స్టాల్ చేసుకునే సెట్టింగ్ ఆన్ చేయమంటారు, హానికరమైన యాప్‌లను పట్టే గూగుల్ ప్లే ప్రొటెక్ట్‌ను ఆపేయమంటారు. ఐఫోన్ అయితే పిల్లల ఐక్లౌడ్ పాస్‌వర్డ్ అడుగుతారు. అంటే పిల్లల్ని కాపాడుకుందామని మొదలుపెట్టి, వాళ్ల ఫోన్‌కున్న తాళాలన్నీ మన చేత్తోనే తీసేస్తున్నాం.

సరే, చదివిన మెసేజ్‌లు ఎక్కడికి వెళ్తాయి? నేరుగా మీ ఫోన్‌కు రావు. ముందు ఆ కంపెనీ సర్వర్‌కు వెళ్తాయి. టీన్‌సేఫ్ అనే యాప్ సర్వర్లు 2018లో పాస్‌వర్డ్ కూడా లేకుండా ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్నాయని బయటపడింది. పిల్లల యాపిల్ ఐడీలు, వాటి పాస్‌వర్డ్‌లు మామూలు అక్షరాల్లోనే ఉన్నాయి. ఆ యాప్ పనిచేయాలంటే టూ ఫ్యాక్టర్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగే రక్షణ) తీసేయాలి కాబట్టి, ఆ పాస్‌వర్డ్ దొరికినవాడికి ఇక అడ్డేమీ లేదు. ఇలాంటి రహస్య నిఘా యాప్ అమ్మిన స్పైఫోన్ అనే కంపెనీని, దాని సీఈఓని నిఘా వ్యాపారమే చేయకుండా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో నిషేధించింది. కంచే చేను మేయడమంటే ఇదే.

ఇదంతా సాంకేతిక నష్టం. అసలు నష్టం వేరే ఉంది.

ఒక తండ్రి కూతురి ఫోన్ నా ముందు పెట్టారు. సెట్టింగులు తెరిస్తే యాక్సెసిబిలిటీలో 'సిస్టమ్ సర్వీస్' అన్న పేరుతో, పళ్లచక్రం ఐకాన్‌తో ఒక యాప్ ఆన్‌లో ఉంది. పెట్టింది ఆయనే. నెలల తరబడి రోజూ పడుకునే ముందు మెసేజ్‌లన్నీ చదివేవారు. హోంవర్క్, స్నేహితుల పుట్టినరోజులు, స్టిక్కర్లు. మా అమ్మాయికి ఏ ఇబ్బందీ లేదని నిశ్చింతగా ఉన్నారు. ఆ అమ్మాయి మాత్రం బ్యాటరీ త్వరగా అయిపోతోందేమిటని వెతుక్కుని ఆ యాప్‌ని ఎప్పుడో కనిపెట్టేసింది. తీసేయలేదు. తీసేస్తే నాన్నకు తెలుస్తుంది కదా. అసలు కబుర్లన్నీ స్నేహితురాలి పాత ట్యాబ్‌లో ఒక గేమ్ చాట్‌కు మార్చుకుంది. అక్కడ పరిచయమైన ఒకడు ముందు తీయగా మాట్లాడాడు, తర్వాత ఫోటో అడిగాడు, ఆ తర్వాత బెదిరింపులు మొదలయ్యాయి.

"మాకు ఎందుకు చెప్పలేదమ్మా?" అని తండ్రి అడిగితే ఆ అమ్మాయి తల వంచుకునే ఒక్క మాట అంది: "మీరు కూడా నాకు చెప్పలేదు కదా నాన్నా."

ఆయన ముఖం నేను ఇప్పటికీ మర్చిపోలేను. చెడ్డ తండ్రి కాదు. మనసు నిండా ప్రేమే.

ఇలాంటి బెదిరింపుల్లో నేరగాడు పట్టుకునేది ఎప్పుడూ ఒక్కటే భయాన్ని: "మీ అమ్మానాన్నలకు పంపిస్తా." అమ్మానాన్నలకు తెలిస్తే ఏమైపోతుందోనని పిల్లలు వణికినంతకాలం వాడి పని సాగుతుంది. పిల్లలు వచ్చి చెప్పేసిన రోజు వాడి చేతిలో ఉన్నదంతా జారిపోతుంది. రహస్యంగా చదువుతున్నారని తెలిసిన పిల్లలు అలా వచ్చి చెప్పరు. ఆ వచ్చే దారినే మనం మూసేస్తున్నాం. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇంకో సంగతి. చదివినంత మాత్రాన అర్థమవుతుందనుకోకండి. "చచ్చిపోతాన్రా" అని నవ్వు ఎమోజీతో రాసింది చూసి ఇల్లంతా ఏకం చేసినవాళ్లున్నారు. అదే పిల్లాడు గ్రూపులో ఎవరితోనూ మాట్లాడకుండా వారాలుగా ఊరుకుండిపోతే ఏ యాప్ అలర్ట్ ఇవ్వదు.

మరి అసలు చూడొద్దా అంటారా? చూడండి, చెప్పి చూడండి. ఎనిమిదేళ్ల వాడి ఫోన్‌ని పక్కన కూర్చోబెట్టుకుని చూడొచ్చు. పదహారేళ్ల వాళ్లకు అదే పద్ధతి పనికిరాదు. ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 16వ అధికరణం పిల్లలకు గోప్యత హక్కు ఇచ్చింది. తల్లిదండ్రుల పర్యవేక్షణ అవసరానికి తగ్గట్టుగా, పిల్లల ఎదుగుదలకు అనుగుణంగా ఉండాలని ఆ ఒడంబడిక కమిటీ 2021లో వివరంగా చెప్పింది. ఇక ఎవరో పెద్దవాడు వెంటపడుతున్నాడనో, పిల్ల తనకు తాను హాని చేసుకుంటోందనో గట్టి అనుమానం ఉంటే నన్ను అడగక్కర్లేదు, వెంటనే చూడండి. చూశానని అదే రోజు పిల్లలకు చెప్పండి.

అపోహ: ఫ్యామిలీ లింక్ పెడితే మెసేజ్‌లు కనిపిస్తాయి

కనిపించవు. ఫ్యామిలీ లింక్ అంటే పిల్లల ఫోన్ వాడకాన్ని తల్లిదండ్రులు చూసుకోవడానికి గూగుల్ ఇచ్చే యాప్. యాప్‌లకు అనుమతి, వాడే సమయం, ఫోన్ ఎక్కడుంది, ఇవి చూసుకోవచ్చు. ఐఫోన్‌లోనే ఉండే స్క్రీన్ టైమ్ సెట్టింగ్ కూడా అంతే, ఎవరితో మాట్లాడొచ్చో నియంత్రిస్తుంది కానీ ఏం మాట్లాడారో చూపించదు. ఇన్‌స్టాగ్రామ్ టీన్ అకౌంట్లలో గత ఏడు రోజుల్లో ఎవరికి మెసేజ్ చేశారో తల్లిదండ్రులకు కనిపిస్తుంది, మెసేజ్ కనిపించదు. చాలా ఇళ్లకు ఇవే సరిపోతాయి, పైగా ఉచితం.

అపోహ: నంబర్ కొడితే చాలు, చాట్ మొత్తం చూపించే సైట్లున్నాయి

లేవు. అవన్నీ మోసాలు. ఫార్వర్డ్ చేసేవాళ్లు ఇకనైనా ఆపండి.

అపోహ: ప్రైవసీ అడుగుతున్నారంటే ఏదో దాస్తున్నట్టే

ఎదుగుతున్నట్టు. పన్నెండేళ్లు దాటాక అడగకపోతేనే నేను ఆలోచిస్తాను.

అపోహ: తప్పు చేస్తే ఫోన్ లాగేసుకోవడమే మందు

నిజం చెప్పినందుకు ఫోన్ పోయిందని పిల్లలు ఒకసారి నేర్చుకున్నారంటే మళ్లీ చెప్పరు.

ఇప్పటికే రహస్య యాప్ పెట్టేసినవాళ్లకు

కంగారుపడి గుట్టుగా తీసేయకండి. ముందు పిల్లలతో కూర్చుని "నీ ఫోన్‌లో ఇది పెట్టాను, భయపడి పెట్టాను" అని చెప్పండి. కోప్పడనివ్వండి, వినండి. తర్వాత ఇద్దరూ కలిసి యాప్ తీసేయండి. అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే సెట్టింగుల్లో డివైస్ అడ్మిన్ యాప్‌ల (ఫోన్ మీద ప్రత్యేక అధికారం తీసుకున్న యాప్‌ల) జాబితాలో దాన్ని ఆఫ్ చేసి మళ్లీ ప్రయత్నించండి. ప్లే ప్రొటెక్ట్ ఆన్ చేసి స్కాన్ చేయండి. పిల్లల గూగుల్ లేదా యాపిల్ పాస్‌వర్డ్ మార్చి, టూ ఫ్యాక్టర్ పెట్టండి. ఆ కంపెనీలో మీ అకౌంట్‌ని, డేటాని డిలీట్ చేయమని రాతపూర్వకంగా అడగండి.

బెదిరింపు ఇప్పటికే నడుస్తుంటే డబ్బు పంపకండి, చాట్ డిలీట్ చేయకండి, స్క్రీన్‌షాట్లు తీసి పోలీసులకు ఇవ్వండి. పద్దెనిమిదేళ్లలోపు తీసిన నగ్న చిత్రం బయటికి పోతుందన్న భయం ఉంటే తప్పిపోయిన, వేధింపులకు గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికాలోని ఎన్‌సీఎంఈసీ సంస్థ 2023లో మొదలుపెట్టిన టేక్ ఇట్ డౌన్ సేవ ఉంది. పేరు చెప్పక్కర్లేదు, ఉచితం. ఫోటోకు ఒక డిజిటల్ గుర్తు మీ ఫోన్‌లోనే తయారవుతుంది, ఆ గుర్తు మాత్రమే వాళ్లకు వెళ్తుంది. ఫోటో ఎవరికీ పంపక్కర్లేదు. ఈ ముక్క పిల్లలకు ముందు చెప్పండి. సహాయం అడగాలంటే ఆ ఫోటో ఇంకొకరికి చూపించాలేమోనని వాళ్లు అక్కడే ఆగిపోతుంటారు.